చెరువుకు బెంచీలు వేసిన్రు, చూసుకునే మనిషిని పెట్టలే: మన మున్సిపల్, పంచాయతీ, ఇరిగేషన్ ఆఫీసర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్లు, ఇంజనీర్లు, ఎంపీడీవోలు, పంచాయతీ సెక్రటరీలు, వార్డు ఆఫీసర్లు అందరికీ నమస్కారం.

నేను ఓరుగల్లు పక్కన మున్సిపాలిటీలో కలిసిపోయిన ఒక ఊరి మనిషిని, సర్కారు బడిలో టీచర్‌ని. మీలో మస్తు మంది కష్టపడి పనిచేస్తరని తెలుసు, వానలప్పుడు రాత్రి రెండింటికి మోకాళ్ల లోతు నీళ్లల్ల నిలబడ్డ ఏఈలను (అసిస్టెంట్ ఇంజనీర్లను), జవాన్లను కండ్లార చూసిన. అయినా ఈ ఉత్తరం అందరి ముందట పెట్టాల్సి వచ్చింది, ఎందుకంటే మూడేండ్లల్ల నాలుగు అప్లికేషన్లు ఇచ్చినం, రెండు సోమవారాలు ప్రజావాణిలో పొద్దంతా లైన్‌లో నిలబడ్డం, చేతికి రసీదులు వచ్చినయి గాని జవాబు రాలే. ఊరి పేరు, ఆఫీసు పేరు కావాలనే రాస్తలేను. ఇది ఒక్క ఆఫీసు మీద ఫిర్యాదు కాదు. ములుగు, భూపాలపల్లి, జనగామ, కరీంనగర్, ఏ దిక్కు వాళ్లు చదివినా ఇది మా ఊరి సంగతే కదా అనుకుంటరు.

సంగతి సుస్థిరత గురించి. మీ ఫైళ్లల్ల సస్టైనబిలిటీ అని ఉంటది. పోయినేడు ఒక ఫంక్షన్ హాల్‌లో అవగాహన సదస్సు పెట్టిన్రు, టీచర్లను కూడా పిలిచిన్రు. 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న 17 లక్ష్యాలు, 169 టార్గెట్లు, అన్నీ 2030 లోపల చేరాలని స్క్రీన్ మీద రంగురంగుల చక్రం చూపిచ్చిన్రు. టీ టైంలో ఒక ఆఫీసర్ గారిని అడిగిన, సార్ మీ ఆఫీసులో సస్టైనబిలిటీ అంటే రోజువారీగా ఏం చేస్తరు అని. ఆయన మంచాయన, దాచుకోకుండా చెప్పిండు: "మేడం, మాకు ఫార్మాట్ వస్తది. మొక్కలు ఎన్ని, ఎల్ఈడీ లైట్లు ఎన్ని, ఇంకుడు గుంతలు ఎన్ని, ప్లాస్టిక్ డ్రైవ్‌లు ఎన్ని. నెలాఖరుకు నంబర్లు నింపి ఫోటోలు పెట్టి పంపాలె." మరి పోయినేడు పెట్టినయి ఎన్ని ఉన్నయి అని అడిగితే, "దానికి కాలమ్ లేదు మేడం" అన్నడు.

అప్పటి సంది ఆ మాట నా మనసులో నుంచి పోతలేదు. ఈ ఉత్తరం మొత్తం ఆ లేని కాలమ్ గురించే.

మా బడిలోనే చూడండి. ఆఫీసు ముందట ఇంకుడు గుంత తవ్విన్రు, అడుగున పెద్ద కంకర, పైన చిన్న కంకర, పైన ఇసుక, అంతా పద్ధతిగా వేసిన్రు, పక్కన బోర్డు పెట్టి ఫోటో తీసుకున్నరు. బడి కప్పు మీది నీళ్లు దిగే పైపు మాత్రం గుంతకు జానెడు దూరంలో ఆగిపోయింది. ఒక ఎల్బో ముక్క, ఒక రెండు అడుగుల పైపు కావాలె. వాన పడితే ఆ నీళ్లు గోడ పునాదిలకు పోతయి, గుంత ఎండిపోయి ఉంటది. మూడు వానకాలాలు అట్లనే పోయినయి. ఆఖరికి మా సారు ఒకాయన ఇంటికాడ మిగిలిన పైపు తెచ్చి అతికిచ్చిండు. లెక్కల్ల మాత్రం ఆ గుంత మొదటి రోజు నుంచే "పూర్తి" అని ఉన్నది.

మా తాత నీరటి. ఇప్పటి పిల్లలకు ఆ మాట తెల్వది గాని మీలో పల్లెల నుంచి వచ్చినోళ్లకు తెలుసు. చెరువు తూము తెరుసుడు, మూసుడు, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలె అని చూసుడు, వానకాలం రాత్రిళ్లు కందిలి పట్టుకొని కట్టంతా నడుసుడు, అదే ఆయన పని. కట్టల ఎండ్రికాయ బొక్క కనబడితే అప్పుడే మట్టి కుక్కి తొక్కెటోడు, ఎందుకంటే ఇయ్యాల్టి ఎండ్రి బొక్క రేపటికి బుంగ, ఎల్లుండికి గండి. పంట వచ్చినంక కళ్లం కాడ రైతులు తలా ఇంత వడ్లు మేర కింద కొలిచి ఇచ్చెటోళ్లు. ఆయనకు చదువు రాదు, తూము రాయి మీద ఉలితోటి గీతలు కొట్టి పెట్టుకున్నడు, నీళ్లు ఏ గీత కాడికి వస్తే ఎన్ని ఎకరాలు పారుతదో, ఏ గీత దాటితే మత్తడి (చెరువు నిండినంక ఎక్కువైన నీళ్లు పోయే అలుగు) దుంకుతదో ఆయనకు ఎరుక. ఇప్పటి అవసరాలు తీర్చుకోవాలె గాని రేపటోళ్ల అవసరాలకు అడ్డం రావొద్దు, ఇదే సుస్థిర అభివృద్ధి అని 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ చెప్పిందని మేం బీఈడీలో చదువుకున్నం. మా తాత అది చదవలే, చేసిండు.

కాకతీయుల కాలం నుంచి పాకాల, రామప్ప, లక్నవరం ఇప్పటిదాకా నిలబడ్డయంటే కట్టినోళ్ల గొప్పతనం ఒక్కటే కాదు. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మనమందరం సంబురపడ్డం, ఇసుక పునాది గురించి, నీళ్లల్ల తేలే ఇటుకల గురించి పిల్లలకు చెప్పినం. అదే కాలపు చెరువు పక్కనే ఉన్నది, దాన్ని 800 ఏండ్లు తరతరాలుగా ఎవరో ఒకరు చూసుకుంటూ వచ్చిన్రని మాత్రం మనం చెప్పలే. వాళ్ల పేర్లు ఏ శాసనంలో ఉండవు కదా.

మా చెరువుకు నీరటి లేక ఎన్నో ఏండ్లయింది. కొన్నేండ్ల కింద సుందరీకరణ వచ్చింది. కట్ట మీద టైల్స్, స్టీల్ రెయిలింగ్, బెంచీలు, రంగు లైట్లు. నేను వద్దనలే, నా లాంటోళ్లం పొద్దుగాల నడుస్తం, ముసలోళ్లు కూసుంటరు, మంచిదే. కానీ ఆ డబ్బులతోటి ఏం చెయ్యలేదో, అందుకు జనం ఏం అనుభవిస్తున్నరో ఒకటొకటిగా చెప్తా, జర ఓపికతో చదవండి.

1. మత్తడి. వాకింగ్ ట్రాక్ తిప్పుకోవడానికి మత్తడి వెడల్పు తగ్గిచ్చి మీద స్లాబ్ వేసిన్రు. చెరువులకు నీళ్లు తెచ్చే ఒర్రె మీద ప్లాట్లు పడ్డయి, దాని బదులు మూడు కాలనీల మోరీలు చెరువులకు తిప్పిన్రు. ఇట్ల మంచినీళ్లు వచ్చే దారి మూసుకుపోయింది, మురికినీళ్లు వచ్చే దారి తెరుసుకున్నది, ఎక్కువైన నీళ్లు పోయే దారి ఇరుకైంది. చెరువు నిండ గుర్రపు డెక్క. ఇక 2023 జులై వానలు మీకు గుర్తే ఉంటయి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినంలో 649.8 మిల్లీమీటర్లు పడ్డది, మోరంచపల్లి ఊరు ఊరే మునిగింది, భద్రకాళి చెరువు కట్ట కూడా తెగింది. అంత వాన పడితే ఎవరేం చేస్తరమ్మా అని మాతోని అన్నరు. ఆ మాట లక్ష్మీదేవిపేటకు చెల్లుతది, మాకు చెల్లదు. మా కాలనీ 2020 ఆగస్టులో కూడా మునిగింది, మధ్యల పేరు లేని చిన్న వానలకు కూడా మునిగింది. మా వెనక గల్లీలో ఒకామె బీడీలు చేస్తది, భర్త లేడు. 2023 జులైల ఆ రాత్రి నడుం లోతు నీళ్లు వచ్చినప్పుడు ఆమె బియ్యం బస్తా ఇడిసిపెట్టి తునికాకు కట్టలు నెత్తి మీద పెట్టుకొని మా మేడ మీదికి ఎక్కింది. బియ్యం అయితే ఎవరన్నా ఇస్తరు, ఆకు తడిస్తే దాని లెక్క ఆకు ఇచ్చినోళ్లకు నేనే చెప్పుకోవాలె టీచరమ్మా, అన్నది. తెల్లారి చూస్తే సగం ఆకు నల్లబడ్డది. ఆమె రెండు నెలలు చేసిన కష్టం ఆకు బాకీకి పోయింది. మీ రిపోర్టులో ఆ రోజు మా దగ్గర "ప్రాణ నష్టం లేదు" అని రాసిన్రు. నిజమే రాసిన్రు. ఆమె రెండు నెలల కష్టానికి కూడా కాలమ్ లేదు.

2. చెట్లు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మా చౌరస్తా కాడ రెండు పాత వేప చెట్లు, ఒక చింత చెట్టు కొట్టేసిన్రు. వాటి కింద కూరగాయలమ్మే ఆడోళ్లు పదిమంది దాకా కూసునెటోళ్లు, ఆటోలు ఆగేటివి, మా బడి పిల్లలు బస్సు కోసం నిలబడెటోళ్లు. బదులుగా మొక్కలు పెట్టినం అన్నరు. ఎక్కడ పెట్టిన్రంటే నాలుగు కిలోమీటర్ల అవతల లేఅవుట్ ఖాళీ జాగలో. ఇప్పుడు మే నెలలో ఆ ఆడోళ్లు గొడుగు కర్ర పాతుకొని కూసుంటరు, మధ్యాహ్నం కల్లా ఆకుకూర వాడిపోతది, సగం ధరకు ఇచ్చి పోతరు. రోడ్డు మధ్య డివైడర్‌లో తొందరగా పచ్చగా కనబడాలని కోనోకార్పస్ పెట్టిన్రు, ఆ మొక్క వద్దని తర్వాత సర్కారే చెప్పింది, ఇప్పుడు అది పీకాలంటే మళ్లా టెండర్. సర్కారు మొక్కలు నాటిచ్చే హరితహారం 2015లో మొదలైనప్పుడు రాష్ట్రంలో చెట్ల విస్తీర్ణం 24 శాతం నుంచి 33 శాతానికి తేవాలనుకున్నరు, మంచి ఆశయం. మా ఏడో తరగతి పిల్లలతోటి ఒక శనివారం బడి నుంచి చెరువు దాకా రోడ్డు పక్కన లెక్క పెట్టిచ్చిన. ట్రీ గార్డులు 64 ఉన్నయి, అందులో బతికిన మొక్కలు 19. కొన్ని గార్డులల్ల చెత్త కవర్లు, ఒకదాంట్ల కుక్క పిల్లలను పెట్టుకున్నది. ఒక పిల్ల అడిగింది, టీచర్ పోయినేడు కూడా మనం ఈ గుంతలనే పెట్టినం కదా అని. అవును, అదే గుంతలు. నాటినయి 85 శాతం బతకాలని మీ చట్టంలోనే రాసి ఉన్నది, పిల్లలు చేసిన లెక్క మీరు ఒక్కసారి చేస్తే చాలు.

3. చెత్త. తడి చెత్త, పొడి చెత్త, ఇంట్లోని ప్రమాదకర చెత్త వేరువేరు ఇయ్యాలని 2016 నిబంధనలల్లనే చెప్పిన్రు. మా గల్లీల ఆడోళ్లు రెండేండ్లు పట్టుబట్టి వేరు చేసిన్రు, నేను ఇంటింటికి తిరిగి చెప్పిన. స్వచ్ఛ ఆటోలో మధ్యల ఉండే రేకు అడ్డం విరిగిపోయింది, అన్నీ ఒక్క కాడనే పడుతున్నయి. ఆ తమ్ముడు ఏం చేస్తడు, రేకు వేసుకోమని ఆయనకు డబ్బులియ్యరు. ఇంక ఇంటోళ్లు "మేం వేరు చేసుడెందుకు" అని మానేసిన్రు. ఆ రేకు విరుగుడుతో రెండేండ్ల అలవాటు పోయింది, దాన్ని మళ్లా తేవాలంటే ఎంత కష్టమో చెప్పలేను. కలిసిన చెత్తను మళ్లా వేరు చేసేది ఎవరు? గ్లౌజులు లేని ఆడోళ్లు, పగిలిన సీసాలు, డైపర్లు, సూదులు అన్నీ చేతుల్తో. మిగిలింది కాలబెడితే ఆ పొగ డంపింగ్ యార్డ్ పక్క ఊర్లోళ్లకు.

మనకు చేతకాదనుకుంటే వేరే సంగతి. 2012 అక్టోబర్‌లో ఇదే ఓరుగల్లులో క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్ అని పెట్టి వారం రోజులు వేరే మున్సిపాలిటీల నుంచి కూడా సిబ్బంది వచ్చి గడప గడపకు తిరిగి చెత్త వేరు చేసుడు నేర్పిన్రు, దేశమంతా మన గురించి మాట్లాడుకున్నరు. సెప్టిక్ ట్యాంకుల మలవ్యర్థాలను ఎక్కడపడితే అక్కడ పారబొయ్యకుండా 2016లో దేశంలోనే ముందుగా నిబంధనలు పెట్టుకున్న నగరం కూడా మనదే. మొదలుపెట్టుడు మనకు మస్తు వచ్చు.

4. చేపలు, బట్టలు, బతుకమ్మ. చెరువు మీద బతికే ముదిరాజ్ కుటుంబాలు మా ఊర్లో ఇంకా ఉన్నయి. సర్కారు చేప పిల్లలను పోస్తది, మురికినీళ్లకు ఊపిరాడక ఎండకాలం అవి తేలుతయి. వాళ్ల పిల్లలు ఇప్పుడు డెలివరీ బండ్లు నడుపుతున్నరు. బట్టలుతికే రజకులు బోరు నీళ్లు కొనుక్కుంటున్నరు. సద్దుల బతుకమ్మ నాడు తంగేడు, గునుగు పేర్చుకొని ఆ మురికినీళ్ల కాడికి పోతే కాలు పెట్టబుద్ధి కాదు. పోయిన రెండేండ్లు కట్ట మీద ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి అండ్ల ఏసినం. నా బిడ్డకు పదకొండేండ్లు, దానికి తెలిసిన బతుకమ్మ చెరువు ఆ తొట్టే.

5. భూమిలోకి నీళ్లు. గల్లీ గల్లీకి ఇంటి గడప దాకా సీసీ పోసిన్రు, ఇంచు మట్టి ఇడవలే. చెరువు కింద ఉన్న బాయిలు పూడ్చిన్రు. ఇప్పుడు బోరు పడుతలేదని ట్యాంకర్లు. ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువులల్లకు కాకతీయ కాలువ నీళ్లు తెచ్చి నింపుకొని సిటీ తాగుతున్నది, అంత దూరం నుంచి తెచ్చుకున్న నీళ్లకు మనం ఇచ్చే మర్యాద మన నెత్తి మీద పడే వాన నీళ్లకు ఎందుకు ఇస్తలేమో నాకు అర్థం కాదు.

ఇవన్నీ మీకు తెల్వనియి కావు. నాకు అర్థమైంది చెప్తా, తప్పయితే సరిదిద్దండి. మీ దగ్గర సుస్థిరత అంటే పని పెట్టుడు. ఎస్టిమేట్ వేసి, టెండర్ పిలిచి, కొలతల పుస్తకం (ఎంబీ) రాసి, బిల్లు పాస్ చేసి, రిబ్బన్ కత్తిరిస్తే ఆ పని అయిపోయినట్టే లెక్క. కొత్తది కట్టడానికి స్కీం కింద పైసలొస్తయి, ఉన్నదాన్ని చూసుకోవడానికి రావు. స్మార్ట్ సిటీ, అమృత్, హృదయ్, పల్లె ప్రగతి, పట్టణ ప్రగతి, ఏ స్కీం వచ్చినా ఇదే కథ. ట్రాక్టర్ కొనొచ్చు, డీజిల్‌కు వెతుక్కోవాలె. నర్సరీ పెట్టొచ్చు, నీళ్లు పోసే కూలీకి బిల్లు ఆగుతది. పల్లెల్ల సెక్రటరీలు సొంత జేబు నుంచి డీజిల్ పోయించిన్రని మన పేపర్లల్లనే చదివినం, వాళ్ల మీద నాకు సానుభూతి తప్ప కోపం లేదు. ఇంకోటి, మీరు రెండేండ్లకో మూడేండ్లకో బదిలీ అయి పోతరు. మొక్క చెట్టు కావడానికి పదేండ్లు పడుతది. మీరు నాటిన మొక్క చచ్చిపోతే మీకు కనబడదు, మీ తర్వాత వచ్చినాయన అదే గుంతలో కొత్తది నాటుతడు.

మళ్లా ఒక చెరువుకు ఎంతమంది మాలికులో చూడండి. నీళ్లు ఇరిగేషన్‌వి. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమి రెవెన్యూది. కట్ట మీది ట్రాక్ మున్సిపాలిటీది. చేపలు మత్స్యశాఖవి. మత్తడి మీది స్లాబ్ తీయమని మేం అప్లికేషన్ ఇస్తే మొదటి ఆఫీసులో, కట్ట మాది కాదన్నరు. రెండో ఆఫీసులో, స్లాబ్ మేం వెయ్యలేదన్నరు. మూడో ఆఫీసులో ఒక క్లర్క్ తమ్ముడు పాపం మొత్తం చదివి, "అమ్మా, ఇది ముగ్గురికీ సంబంధం, ముగ్గురు కలిసి జాయింట్ ఇన్‌స్పెక్షన్ చెయ్యాలె" అన్నడు. ఆ జాయింట్ ఇన్‌స్పెక్షన్ కోసం ఏడాదిన్నర సంది ఎదురు చూస్తున్నం. తాత ఉన్నప్పుడు ఈ నలుగురు మాలికుల పని ఒక్క మనిషి కందిలి పట్టుకొని చేసెటోడు.

చట్టం మీ వైపే ఉన్నది. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణతోటి వచ్చిన 12వ షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకు 18 పనులు చెప్పిన్రు, పర్యావరణ పరిరక్షణ అందులో ఒకటి. పంచాయతీల కోసం ఉన్న 11వ షెడ్యూల్‌లో 29 ఉంటే, ఆఖరుది ఏందో ఒకసారి తీసి చూడండి: ఊరుమ్మడి ఆస్తుల నిర్వహణ. అంటే చూసుకునుడు. రాజ్యాంగంలోనే దానికి కాలమ్ ఉన్నది సార్. నీళ్లు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002 నుంచి ఉన్నది. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంటే దగ్గర దగ్గర 25 ఎకరాలు, దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న వాటికి 9 మీటర్లు బఫర్‌గా ఇడవాలె. చెరువులు, కుంటలు ఊరందరి ఆస్తి, వాటిని కాపాడాలని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. 2019 మున్సిపల్ చట్టంలో బడ్జెట్ల పది శాతం పచ్చదనానికి పెట్టాలని ఉన్నది. ఆ పది శాతం మా వార్డులో దేని మీద ఖర్చయిందో ఇప్పటిదాకా ఒక్క బోర్డు మీద చూడలే.

మన జిల్లాల్లనే చేసి చూపించినోళ్లు ఉన్నరు. గీసుకొండ మండలం గంగదేవిపల్లికి మీరు కూడా ట్రైనింగ్ కోసం పోయే ఉంటరు. అక్కడ ఊరోళ్లు పనికో కమిటీ పెట్టుకున్నరు, నీళ్లకు ఒకటి, పారిశుధ్యానికి ఒకటి, కమిటీ మీటింగ్ పెడతది, లెక్క చెప్తది, పన్నులు జనమే కడతరు. లింగాలఘనపురం మండలం ఏనెబావి ఊరు ఊరంతా ఎరువులు, పురుగుమందులు ఇడిసిపెట్టి ఎన్నేండ్లాయె. మిషన్ కాకతీయ 2015లో మొదలైనప్పుడు 46 వేల పైచిలుకు చెరువులు బాగుచేస్తం అన్నరు, రైతులు సొంత ఖర్చుతోటి ట్రాక్టర్లు పెట్టి పూడిక మట్టి పొలాలకు కొట్టుకున్నరు, మా చెరువులో కూడా కొట్టుకున్నరు. ఆ యేడు చెరువు నిండితే కట్ట మీద పండుగ లెక్క ఉండె. తర్వాత యేటా ఇంత పూడిక తీసే ఏర్పాటు ఉంటే ఇయ్యాల గుర్రపు డెక్క ఇంతగా పెరిగేది కాదు.

కాబట్టి మేం అడిగేటియి ఇవి. పెద్ద పెద్దవి ఏం లేవు.

1. చెరువుకు ఒక నీరటిని పెట్టండి. పేరు లష్కర్ అనండి, చెరువు గార్డ్ అనండి, మీ ఇష్టం. ఆ ఊరి మనిషే కావాలె, చెరువు మీద బతికే కుటుంబాల నుంచి అయితే ఇంకా మంచిది. నెల నెలా జీతం, ఒక టార్చ్, ఒక పార, ఒక నోట్‌బుక్. వానకాలంలో రోజూ నీళ్ల మట్టం రాయాలె, కట్ట నడవాలె, తూము కాడ బోర్డు మీద ఆయన ఫోన్ నంబర్, ఆయన పిలిస్తే రావాల్సిన ఏఈ నంబర్ రెండూ ఉండాలె. రంగు లైట్ల ఖర్చుతోటి ఎన్నేండ్ల జీతం వస్తదో మీరే లెక్క వెయ్యండి.

2. మత్తడి మీది స్లాబ్ జూన్ కంటే ముందు తీసి పాత వెడల్పు తేవాలె. నలుగురు మాలికులు ఒక్కరోజు, ఒక్క టైంకు చెరువు కాడికి రావాలె. ఎఫ్‌టీఎల్ రాళ్లు పాతి, తెలుగులో మ్యాప్ బోర్డు పెట్టాలె. బఫర్‌లో ఇప్పటికే ఇండ్లు కట్టుకున్న పేదోళ్లను రాత్రికి రాత్రి రోడ్డు మీద పడెయ్యమని మేం అంటలేము, ఆ ప్లాట్లు చేసి అమ్మినోళ్ల మీద, పర్మిషన్ ఇచ్చినోళ్ల మీద ముందు చర్య తీసుకోండి, పేదోళ్లకు ఇంకో కాడ జాగ చూపించినంకనే కదిలియ్యండి.

3. ఇకముందు ఏ ఎస్టిమేట్ అయినా అండ్ల ఐదేండ్ల నిర్వహణ ఖర్చు లేకుంటే శాంక్షన్ చెయ్యొద్దు. మొక్కల పనికి ఆఖరు బిల్లు రెండు ఎండకాలాలు దాటినంక, బతికినయి లెక్కపెట్టినంకనే ఇయ్యాలె.

4. మీ నెలవారీ ఫార్మాట్‌లో ఒక్క కాలమ్ కలపండి: "పోయినేడు చేసినయి ఇప్పుడు ఎట్ల ఉన్నయి". పై ఆఫీసు అడగకపోయినా మీరే కలిపి పంపొచ్చు. ప్రతి జూన్‌లో బడి పిల్లలతోటి చెట్ల లెక్క చేయించండి, మా బడి సిద్ధంగా ఉన్నది. కొత్తవి పెడితే వేప, కానుగ, చింత, రావి పెట్టండి. పాత చెట్టు కొట్టాల్సి వస్తే దాని కింద కూసునేటోళ్లను అడగకుండా కొట్టొద్దు, వాళ్లకు నీడ ఏర్పాటు చేసినంకనే గొడ్డలి పెట్టాలె.

5. స్వచ్ఛ ఆటోలకు రేకు అడ్డాలు, కార్మికులకు గ్లౌజులు, బూట్లు. ఇది వారం రోజుల పని.

6. చట్టంలో ఉన్న వార్డు కమిటీలను నిజంగా కూసుండబెట్టండి, అది కూడా సాయంత్రం పూట, పనికి పోయేటోళ్లు వచ్చే టైంకు. అండ్ల పది శాతం లెక్క చదివి వినిపించండి. మీటింగ్ మినిట్స్ వార్డు ఆఫీసు గోడకు అంటియ్యండి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి 30 రోజులు ఆగి తెలుసుకునే బదులు మేం గోడ మీద చదువుకుంటం.

7. బదిలీ మీద వచ్చిన ఆఫీసర్ గారు మొదటి నెలలో ఒక్కరోజు ఊరి పెద్దమనుషులతోటి, చేపలు పట్టేటోళ్లతోటి, సఫాయి అక్కలతోటి చెరువు చుట్టూ నడవాలె. ఫంక్షన్ హాల్ సదస్సు కంటే అండ్ల ఎక్కువ తెలుస్తదని టీచర్‌గా చెప్తున్న, పిల్లలకు కూడా పాఠం అట్లనే ఎక్కుతది.

2, 5 నంబర్లవి ఈ వానకాలం కంటే ముందే కావాలె, ఆగేటియి కావు. మిగిలిన వాటికి మీరు తేదీలు రాసి ఇస్తే ఓపిక పడతం. ముప్పై రోజుల్ల రాతపూర్వకంగా జవాబు రాకపోతే బీడీల అక్క, కూరగాయల అక్కలు, ముదిరాజ్ సంఘం వాళ్లు, మా గల్లీ ఆడోళ్లు అందరం కలిసి మళ్లా ప్రజావాణికి వస్తం, ఈసారి ఒక్కొక్కరం ఒక్కో అప్లికేషన్ ఇస్తం, అవసరమైతే లోకాయుక్తకు, గ్రీన్ ట్రిబ్యునల్‌కు కూడా రాస్తం. అక్కడిదాకా పోవాలని మాకు లేదు. మీరు, మేము అవే నీళ్లు తాగుతున్నం, మీ పిల్లలు కూడా ఈ ఎండల్లనే బడికి పోతున్నరు.

వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దుగాల ఆరున్నరకు మేం చెరువు కాడ ఉంటం. మీరు అందరూ రావాలె. కుర్చీలు, శాలువాలు, మైకు ఏం ఉండవు, మంచినీళ్లు, చాయ్ మేం తెస్తం. నడక తూము కాడి నుంచి మొదలు పెడదాం. సుందరీకరణప్పుడు తూము రాయికి నీలి రంగు వేసిన్రు, తాత కొట్టిన గీతలు ఆ రంగు కింద ఇంకా ఉన్నయి, చేత్తో తడిమితే తగులుతయి. ఏ గీత దాటితే మా గల్లీలకు నీళ్లు వస్తయో మీకు అక్కడనే చూపిస్తా.

ఇట్లు,
ఒక నీరటి మనుమరాలు,
సర్కారు బడి టీచర్